ఏడు మూరల తాడు

ఇనుప మెట్లు పెట్టినప్పటినుంచీ భూదేవి చెప్పులకు పని లేకుండా పోయింది. తలుపు పక్కన నీళ్ల డ్రమ్ము చాటున అవి జోడుగా నిలబడి ఉంటాయి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా వాటిని చేతిలోకి తీసుకుని, కొంగుతో దులిపి, మళ్లీ అక్కడే పెడుతుంది. తొడగని చెప్పులకు దుమ్మెక్కడిది అంటారేమో, లింబాయత్ గల్లీలో దుమ్ముకు కరువా? చుట్టూ మగ్గాల కార్ఖానాలు, గాలినిండా నూలు పీచు. ఇంటి వెనక మరమగ్గాలు ఖటఖటమని ఆడుతుంటే గోడ సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ చప్పుడులో ఎవరికీ నిద్ర చెడదు, అది ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు.

వానలకు ముందు ఇంటి యజమాని అంబదాసు పాత ఇటుక మెట్లు కొట్టేయించి ఆ జాగాలో కిరాణా కొట్టుకు గది కట్టించాడు. మెట్లకు బదులు గోడకు ఆనించి ఒక ఇనుప చట్రం వెల్డింగ్ చేయించాడు. జానెడు వెడల్పు రేకు మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఒక పైపు. మొదటి రోజే భూదేవి దిగబోయింది. ముఖం గల్లీ వైపు పెట్టి, పైపు గట్టిగా పట్టుకుని మూడు మెట్లు దిగిందో లేదో, మడమ మెట్టుమీదా వేళ్లు గాలిలోనూ ఉన్నాయి. కళ్లముందు ఇంకేమీ లేదు, నిలువునా నేలే. ఉన్నచోటే కూలబడిపోయింది. కింద నుంచి కొడుకు, పైనుంచి కోడలు పట్టి మళ్లీ గదిలోకి చేర్చారు.

"అమ్మకు మోకాళ్లు పోయినయి," అన్నాడు కొడుకు రాంప్రసాద్.

ఆ మాట గల్లీ అంతా తిరిగింది. పదిమందీ అనగా అనగా భూదేవి కూడా నమ్మేసింది. పొద్దుగూకితే కూర్చుని మోకాళ్లకు ఆముదం రాసుకునేది. నొప్పి ఉండేది కాదు, అయినా రాసుకునేది. ఏదో ఒకటి చెయ్యాలి కదా మనిషి. కొడుకు మగ్గం మీదికి, కోడలు విజయశ్రీ రింగ్ రోడ్ మార్కెట్లో చీరలు మడిచి ప్యాకింగ్ చేసే పనిలోకి, మనవరాలు కీర్తి బడికి పోయాక ఆ గదిలో మాట్లాడేది కుక్కరు ఒక్కటే.

అందుకనే తాడు వచ్చింది. మగ్గం మీద గుడ్డ అంచునుంచి తెగిపడే నూలు తోక ఉంటుంది కదా, కొడుకు తెచ్చిన ఆ తోకలు మూడు పేటలు చేసి భూదేవి తానే పేనింది. ఒక కొస రెయిలింగు అడుగున గచ్చు అంచు దగ్గర కట్టింది, రెండో కొసకు చిన్న గంప. వదిలితే గంప సరిగ్గా నేలకు ఆనుతుంది. కూరగాయల తోపుడు బండి వచ్చినా, పాలవాడు వచ్చినా గంప దిగుతుంది, ఎక్కుతుంది. వట్టిగా దిగే రోజులూ ఉన్నాయి, ఎందుకంటే తాడు అవతలి కొసన భాగ్యలక్ష్మి ఉంది.

భాగ్యలక్ష్మిది కింది గది. తుంటి ఎముక విరిగి రాడ్ వేయించుకున్న మనిషి, మెట్టు ఎక్కలేదు. పాత మెట్లు ఉన్నప్పుడు భూదేవే దిగేది. గుమ్మం ముందు ఇద్దరూ చాపేసుకుని కార్ఖానా చీరలకు దారాలు కత్తిరిస్తూ మధ్యాహ్నమంతా గడిపేవాళ్లు. ఇప్పుడు ఒకరు మెడ పైకెత్తి, ఒకరు మెడ కిందికి వంచి. గల్లీలో ఆటోలు, మగ్గాలు, ఆ రెండింటి మీదుగా అరుచుకోవాలి. అరిచి చెప్పుకునే మాటలు వేరు, పక్కన కూర్చుని చెప్పుకునే మాటలు వేరు. కోడలి మీద చాడీ అరిచి చెప్పగలరా ఎవరైనా?

ఆ గురువారం గంపలో నాలుగు జామకాయలు వేసి భాగ్యలక్ష్మి తాడు లాగింది.

"వదినె, ఉన్నవా?"

"యాడికి వోత, ఈడనే ఉన్న."

"ఆయితారం సామాను ఎత్తుతున్నం. కార్ఖానా కడోదరాకు వోతున్నది. సేటు ఆడనే రూములిస్తుండట, మా పిల్లగాడు అడ్వాన్స్ గూడ తీసుకున్నడు."

భూదేవి గంప పైకి లాగుతున్న చేతులు ఆగాయి. జామకాయలు సగం దారిలో ఊగాయి.

"ఆయితారమా?"

"పొద్దుగాల్నే టెంపో వస్తదట. ఒక్కపారి దిగరాదు వదినె. నిన్ను సూసి సూసి నా మెడ గుంజుతున్నది. ఒక్క గంట పక్కన కూసుంటె సాలు."

"నువ్వే ఎక్కరాదు."

"నేనెక్కితె మెట్లు ఇరుగుతయి. అంబదాసు మెట్లతోని కలిపి నన్ను గూడ వెల్డింగ్ వెట్టిస్తడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక గంప పైకి వచ్చింది. భూదేవి జామకాయలు తీసి పళ్లెంలో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. కడోదరా ఎంత దూరమని, బస్సెక్కితే పోయే ఊరే. కానీ బస్సు ఎక్కాలంటే ముందు ఈ మెట్లు దిగాలి.

సాయంత్రం కీర్తి బడి సంచీ మంచం మీద పారేసి, ఫోనులో తల పెట్టింది. పదో తరగతి. గుజరాతీ బడి, హిందీ దోస్తులు, ఇంట్లో తెలుగు. మూడూ కలిపి మాట్లాడుతుంది, అదీ మాట్లాడితే. నాయనమ్మ ఏదైనా అడిగితే "హా" అంటుంది, తల ఎత్తదు. ఆ రోజు మాత్రం తనే ఎత్తింది.

"నాయినమ్మా, మనింట్ల కాట్‌కోణ్ త్రికోణ్ ఏదన్న ఉన్నదా?"

"గదేంది బిడ్డా, గిన్నెనా?"

"గిన్నె గాదు. గోడ, నేల కలిసిన మూల సీదా ఉంటది గద, గది తొంభై. ఏదన్న ఏటవాలుగ గోడకు ఆనిస్తె మూడు మూలలైతయి. ఒకటి తెలుసు. తక్కిన రెండు తెల్వయి. గవి దేవులాడాలె. ఇంట్ల ఉన్నదే కొలిచి తేవాలన్నది మేడమ్."

"ఇంట్లనే ఉన్నది," అంది భూదేవి తలుపు వైపు చూపిస్తూ. "మెట్లు. గోడ, నేల, మెట్లు."

కీర్తి లేచి వెళ్లి కిందికి చూసింది. మొదటిసారి ఆ మెట్లను చూసినట్టు చూసింది. రోజూ ఫోను చేతిలో పట్టుకుని దడదడ దిగే పిల్ల.

"ఎత్తు ఎంతనో కొలవాలె. నాన్న టేపు కార్ఖానాల ఉన్నది."

"ఎత్తు నాకు ఎరికే. ఏడు మూరలు. తాడు పేనినప్పుడే కొలుచుకున్న."

"మూర అంటె నడుస్తదా?" అని తనే ఆలోచించుకుంది కీర్తి. "నడుస్తది. దేనితోనన్న కొలువుండ్రి, రెండూ ఒక్కదానితోనే కొలువుండ్రి అన్నది మేడమ్. నేను కింద మూరలతోనే కొలుస్త."

అలా దిగి, గోడ మొదలునుంచి మెట్టు పాదం దాకా నేలమీద మోచేయి ఆనించి, చేయి చాపి, గుర్తు పెట్టుకుంటూ కొలిచింది. నాలుగున్నర వచ్చింది. పైకి వచ్చి నోటుబుక్కులో భాగించింది. ముఖం చిట్లించింది. వాళ్ల పట్టికలో మూడే మూలలు ఉన్నాయట, ముప్పై, నలభై ఐదు, అరవై. దేనికో ఒకదానికి దగ్గరగా వచ్చేది వెతికి తెమ్మందట మేడమ్. ఇది నలభై ఐదుకూ అరవైకీ నడుమ ఎక్కడో పడింది.

"మెట్లే ఖరాబున్నయి," అని బుక్కు మూసేసింది.

శుక్రవారం అన్నం తినేటప్పుడు తెలిసింది సంగతి. భూదేవి కూర వడ్డిస్తూ చేయి చాపితే, కీర్తి పళ్లెం కోసం చేయి చాపింది. రెండు చేతులూ పక్కపక్కనే. కీర్తి తింటున్నదల్లా ఆగి, తన మోచేయి నాయనమ్మ మోచేతికి ఆనించి చూసుకుంది. భూదేవి పొడుగు మనిషి. ఆమె వేళ్లు మనవరాలి వేళ్లకన్నా చాలా ముందుకు పోయాయి.

"నీ మూర పెద్దది," అంది కీర్తి. "ఎత్తు నీ మూర, అడుగు నా మూర. గందుకే రాలే."

భూదేవికి నవ్వొచ్చింది. మగ్గాల ఇళ్లలో పడుగు పోసేటప్పుడు మొదలుపెట్టిన చేయే చివరిదాకా కొలవాలి, నడుమ ఇంకో చేయి దూరనివ్వరు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగి తనకే గుర్తు రాలేదు. ఎవరి చేతిదైనా మూర అంటే మూరే అనుకుంది.

"నువ్వు దిగి కొలువు," అన్నది కీర్తి, అని వెంటనే నాలుక కరుచుకుంది.

భూదేవి నూలు పోగు ఒకటి తెంపి ఇచ్చి, చేయి చాపింది. కీర్తి ఆ పోగును నాయనమ్మ మోచేతినుంచి నడిమి వేలి కొసదాకా పట్టి, అక్కడ కత్తిరించి, పట్టుకుని దిగింది. భూదేవి చెయ్యి కిందికి పోయింది, తను మాత్రం పైనే ఉంది. రెయిలింగు పట్టుకుని భూదేవి చూస్తూ నిలబడింది. తన మూర నేలమీద పొర్లుతోంది, భాగ్యలక్ష్మి గుమ్మం ముందు, తను రోజూ చాప వేసుకున్న చోట.

"నాలుగు, బరాబర్ నాలుగు," అని అరిచింది కీర్తి.

పైకి వచ్చి గచ్చుమీద సుద్దతో గీసింది. నిలువు గీత ఏడు, అడుగు గీత నాలుగు, రెండింటినీ కలుపుతూ మెట్లు. "కింది మూల అరవై. ఇగ పై మూల కొలిచే పనే లేదు. రెండు కలిసి తొంభై కావాలె, కింద అరవై వోతె పైన ముప్పై."

"నా దిక్కు ముప్పైయేనా?"

"హా. అదెంత పెరిగితె గిదంత తగ్గుతది."

భూదేవి ఆ బొమ్మవైపు వంగి చూసింది. పై మూల సన్నగా, సూదిలా ఉంది. అందులో మనిషి పట్టదు.

"మెట్ల తీరు లేదు బిడ్డా ఇది."

"మా బుక్కుల అన్నీ గిట్లనే ఉంటయి. నిచ్చెన గోడకు ఆనిచ్చిన్రు, మూల ఎంత, నిచ్చెన ఎంత పొడుగు, అన్నీ నిచ్చెన లెక్కలే." కీర్తి అప్పటికే ఫోను తీసింది.

"ఒక్కటి చెప్పు. పైన, కింద రెండు మూలలు సమానం కావాలంటె?"

"ఎత్తు ఎంతనో అడుగు గంత ఉండాలె. ఏడుకు ఏడు. అప్పుడు నలభై ఐదు, నలభై ఐదు."

"ఏడు మూరలంటె మెట్టు పాదం ఏడిదాక వస్తది?"

కీర్తి విసుగ్గానే లేచి కిందికి చూసింది. "నాన్న బండి వెట్టే జాగ దాటి, మోరీ కాలువ అంచుదాక."

శనివారం మధ్యాహ్నం అంబదాసు నీళ్ల మోటారు చూడ్డానికి వచ్చాడు. పొట్టి మనిషి, షోలాపూర్ తెలుగు, చెడ్డవాడు కాదు. భూదేవి పైనుంచే పిలిచింది. కింద భాగ్యలక్ష్మి గిన్నెలు గోనె సంచిలో కడుతోంది.

"అంబదాసూ, ఈ మెట్ల పాదం జర ముందుకు జరుపరాదయ్యా. మోరీ అంచుదాక తెస్తె నేను దిగుత. నిలువునా వెట్టినవ్, నిచ్చెన లెక్క."

అంబదాసు మోటారు మూత బిగిస్తూ తల పైకెత్తాడు. తప్పు చేసిన మొహం కాదు, ఆశ్చర్యపోయిన మొహం.

"పెద్దమ్మా, నేను అదే అన్నా. వెల్డింగ్ వాడు కూడా అదే అన్నాడు, ముందుకు లాగుదామని. మీ రాంప్రసాదే వద్దన్నాడు. బండి పెట్టుకోవడానికి జాగా ఉండదు, వెనక్కు జరుపు అన్నాడు. అమ్మకు కష్టం అవుతుంది కదా అంటే, ఆమెకు కింద ఏం పని, ఆమె ఎటు పోతుంది అన్నాడు. నీకు చెప్పలేదా?"

భాగ్యలక్ష్మి చేతిలో గిన్నె శబ్దం ఆగిపోయింది. కొట్టులో సామాను కొంటున్న ఆడమనిషి కూడా తల తిప్పి పైకి చూసింది. నలుగురూ తలలెత్తి చూస్తుంటే మేడమీద నిలబడ్డ మనిషికి ముఖం దాచుకునే చోటుండదు.

"చెప్పిండు, నేనే మర్సిపోయిన," అంది భూదేవి. "మోటరు మంచిగైందా?"

సాయంత్రం రాంప్రసాద్ రాత్రి పాళీకి తయారయ్యాడు. భూదేవి టిఫిన్ డబ్బాలో అన్నం, పప్పు సర్ది మూత బిగించింది. రోజూ చేతికిచ్చి, "పైలం బిడ్డా" అనేది. ఆ రోజు డబ్బా గడప దగ్గర పెట్టి, పొయ్యి వైపు తిరిగి బట్టతో గట్టు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"ఏమైంది అమ్మా?"

"ఏంగాలే."

అతను డబ్బా తీసుకుని, కోపం ఎందుకో తెలియకుండానే దడదడ దిగిపోయాడు. భూదేవి రెయిలింగు దగ్గరికి వచ్చింది. బండి స్టార్ట్ చేసి గల్లీ మలుపు తిరిగాడు. బండి పోయిన చోట నేలమీద నూనె చుక్కలు నల్లగా మిగిలాయి. ఆ మరక ఎంత ఉంది? ఒక చాప వెడల్పు కూడా లేదు. వాడు చెడ్డ కొడుకేం కాదు. జ్వరం వస్తే పక్కన కూర్చుంటాడు, పండక్కి చీర తెస్తాడు. కానీ మెట్ల దగ్గర నిలబడి అమ్మా బండీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, వాడికి జాగా కావాల్సింది బండికే అనిపించింది. అంతే. అంత చిన్న సంగతి.

ఆ పొద్దు ఆమె మోకాళ్లకు ఆముదం రాసుకోలేదు.

ఆదివారం తెల్లవారగానే టెంపో వచ్చింది. మంచం, బీరువా, నీళ్ల డ్రమ్ము, దేవుడి పటాలు ఒక్కొక్కటే ఎక్కాయి. విజయశ్రీ కుళాయి దగ్గర వరసలో ఉంది. కీర్తి ఇంకా పడుకునే ఉంది. భాగ్యలక్ష్మి ఊతకర్ర పట్టుకుని మెట్ల కింద నిలబడి పైకి చూసింది.

"వదినె, వొయ్యొస్త."

గంప దిగడం మొదలైంది. ఏ చెగోడీలో, పచ్చడి సీసానో పంపుతోంది అనుకుని భాగ్యలక్ష్మి చేయి పెట్టింది. చేతికి చెప్పులు తగిలాయి.

"ఇయ్యెందుకు పంపినవ్? నాయి నాకున్నయి."

"నీకు గాదు, నాకే. మెట్ల కాడ వెట్టు."

భాగ్యలక్ష్మి ఇంకేదో అడిగేలోగా భూదేవి కొంగు నడుముకు చుట్టి దోపింది. గల్లీకి వీపు తిప్పింది. సిరిసిల్లలో వాళ్లింటి అటకమీద నూలు కట్టలుండేవి. చిన్నప్పుడు అమ్మ చెప్పగానే నిచ్చెనమీద ఉడతలా ఎక్కి, సంకలో కట్ట పెట్టుకుని దిగేది. నిచ్చెన ఎవరైనా ముఖం బయటికి పెట్టి దిగుతారా? నిచ్చెనకు ఎదురుగా తిరిగి, రెండు చేతులా పట్టుకుని, కాలు వెనక్కి వదిలి దిగుతారు. ఇన్నాళ్లూ దీన్ని మెట్లు, మెట్లు అన్నారు, తనూ మెట్లే అనుకుంది.

ఎడమ కాలు కిందికి వదిలింది. వేళ్లు వెతికాయి. రేకు అంచు తగిలింది, పాదం సగందాకా దానిమీద నిలిచింది. ఈసారి గాలిలో ఉన్నది మడమ, వేళ్లు కావు. కళ్లముందు నేల లేదు, గోడ ఉంది. సున్నం పెచ్చులు, వెల్డింగ్ చిట్లిన మరకలు, ఒక చీమల బారు. రెండో కాలు వదిలింది.

"అరె మాజీ, ఐసే నహీ. సీధా ఉతరో," అలా కాదు, ముఖం ఇటు పెట్టి దిగమంటూ కొట్టువాడు బయటికి వచ్చాడు.

"నువ్వు జర అటు మొకం తిప్పు కొడుకా," అంది భూదేవి గోడతో చెబుతున్నట్టు.

కొట్టువాడు నిజంగానే తిప్పేసుకున్నాడు. భాగ్యలక్ష్మి కర్ర మీద రెండు చేతులూ పెట్టి చూస్తోంది. భూదేవి నడుమ ఒకచోట ఆగింది, నుదురు ఇనుముకు ఆనించింది. చల్లగా, తుప్పు వాసన. మళ్లీ కాలు వదిలింది. చివరికి కాలికింద రేకు కాక మట్టి తగిలినప్పుడు ఆమెకు ఒక్క క్షణం నమ్మకం కలగలేదు, ఇంకో మెట్టు ఉందేమోనని కాలితో తడుముకుంది.

చెప్పులు సిద్ధంగా ఉన్నాయి. తొడుక్కుంది. కొంచెం వదులయ్యాయి.

టెంపోలోకి ఎక్కని పరుపు చుట్ట ఒకటి బండి పెట్టే చోట పడి ఉంది. ఇద్దరూ దానిమీద కూర్చున్నారు. ఎన్నో మాటలు దాచుకుంది భూదేవి, ఒక్కటీ గుర్తు రాలేదు. భాగ్యలక్ష్మి ఆమె మోకాలి మీద చేయి వేసి నొక్కి చూసింది, పిల్లలకు జ్వరం చూసినట్టు.

"మంచిగనే ఉన్నయి గద వదినె."

"మంచిగనే ఉన్నయి. ఎన్నడు వోలె."

"మరి రాంప్రసాద్..."

"తియ్యి," అంది భూదేవి. "నీ పెద్ద పాతెల గిన్నె నీ చేతులనే ఉన్నదా, కోడలికే ఇడిసిపెట్టినవా?"

అప్పుడు మొదలుపెట్టింది భాగ్యలక్ష్మి, గొంతు తగ్గించి, చెవి దగ్గరికి వంగి. ఇన్ని నెలలుగా అరిచి చెప్పలేనివన్నీ. టెంపోవాడు రెండుసార్లు హారన్ కొట్టేదాకా చెప్పింది. పరుపు కూడా ఎక్కింది. డ్రైవరు పక్కన కూర్చోబెట్టడానికి ఆమెను ముగ్గురు ఎత్తాల్సి వచ్చింది. మలుపు దగ్గర ఆమె చేయి ఒక్కటే బయటికి కనబడింది, ఆ తరువాత అదీ లేదు.

భూదేవి ఇంటికేసి తిరిగింది. కింది గది తలుపు బార్లా తెరిచి, లోపల ఖాళీగా ఉంది. మేకులు, గోడమీద పటాల గుర్తులు. పైనుంచి తాడు వేలాడుతోంది, దాని కొసన గంప నేలకు ఆని, వట్టిగా. ఇక దాన్ని లాగేవాళ్లు ఎవరూ లేరు. ఆమె నూనె మరక మీద, మెట్ల దగ్గర, నేలమీదే కూర్చుంది.

పాళీ దిగి రాంప్రసాద్ వచ్చాడు. జుట్టునిండా తెల్లటి పీచు. బండి ఎప్పటిలా లోపలికి తిప్పబోయి, అక్కడ తల్లి కూర్చుని ఉండడం చూసి బ్రేకు వేశాడు. ముందు చక్రం ఆమెకు ఎదురుగా ఆగింది.

"అమ్మా. ఎట్ల దిగినవ్? మోకాళ్లు..."

"మోకాళ్లకు ఏం గాలే."

ఆమె లేవలేదు. అతను బండి మీదే కూర్చుని ఉన్నాడు. గల్లీలో పాలవాడు వాళ్లిద్దరినీ తప్పుకుని పోయాడు. కొడుకు ముఖంలోకి ఏదో మెల్లగా వచ్చింది, అంబదాసు నిన్న మోటారుకు వచ్చాడని గుర్తొచ్చిందేమో. చూపు దించుకున్నాడు.

"కీర్తీ," అని పిలిచింది భూదేవి పైకి చూస్తూ. రెండు పిలుపులకు నిద్రమొహంతో కీర్తి రెయిలింగు దగ్గరికి వచ్చి, నాయనమ్మ కింద కనబడగానే నోరు తెరిచి నిలబడింది. "తాడు ముడి ఇప్పు బిడ్డా."

తాడు పైనుంచి వదులుగా, చుట్టలు చుట్టలుగా వచ్చి ఆమె ఒళ్లో పడింది. భూదేవి గంప విప్పి పక్కన పెట్టింది. ఒక కొస కొడుకు వైపు చాపింది.

"ఇది గోడ మొదట్ల పట్టు."

అతను బండి స్టాండు వేసి, దిగి, మెట్లకిందికి వంగి, తాడు కొస గోడకు ఆనించి పట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. భూదేవి రెండో కొస పట్టుకుని లేచింది. మెట్టు పాదం దాటింది. నూనె మరక దాటింది. బండి అడ్డం వచ్చింది.

"బండి జర్ర గుంజు."

అతను ఒక చేత్తో తాడు వదలకుండా, ఇంకో చేయి చాపి, అందక అవస్థ పడ్డాడు. కొట్టువాడు వచ్చి బండిని గల్లీ అవతలికి నెట్టాడు. తాడు బిగిసేదాకా భూదేవి నడిచింది. మోరీ అంచుకు ఇంకా ఒక అడుగు ఉండగా తాడు అయిపోయింది. అక్కడ వంగి, కొసను నేలకు బొటనవేలితో నొక్కిపట్టింది.

"ఈడిదాక," అంది. "అంబదాసు పొద్దుగూకి వస్తడు. నేను చెప్ప. నువ్వే చెప్పు."

రాంప్రసాద్ మెట్లకింద వంగి ఉన్నాడు. తల పైకెత్తితే రేకు తగులుతుంది, అందుకని అలాగే, గోడ వైపు చూస్తూ తల ఊపాడు. ఆమె కొస వదిలేదాకా తనూ వదల్లేదు.